వరాలత్తయ్య ఈత, నేను దాచిన మాట

కాకినాడ బజారులో ఇప్పుడు వేపపువ్వుని చిన్న చిన్న ప్లాస్టిక్ పొట్లాల్లో కట్టి అమ్ముతున్నారు. ఉగాదికి రెండు రోజుల ముందు కూరగాయల బండి మీద, కరివేపాకు కట్టల పక్కన, పిడికెడు పువ్వుకి ఒక పొట్లం. మొన్న ఒకటి కొని ఇంటికి తెచ్చి మూతి విప్పేసరికి, లోపల కాస్త చెమ్మపట్టి మగ్గిన ఆ పువ్వులోంచి తేనె, చేదు కలిసిన వాసన గుప్పుమంది. వంటింటి గట్టు దగ్గరే నిలబడిపోయాను. ఆ వాసనకి నాకు ముందు గుర్తొచ్చేది పండగ కాదు. కొత్తపేటకి కాస్త దూరంలో కాలవ గట్టున ఉన్న మా ఊరు, మా పెంకుటింటి వసారా, అక్కడ మడత కుర్చీలో పంచాంగం పట్టుకుని కూర్చున్న నాన్నగారు, ఆ పంచాంగం వెనక పేజీలో పెన్సిలుతో రాసిన మా ఇంటిల్లిపాది పేర్లు గుర్తొస్తాయి. ఆ పేర్లలో రెండింటి గురించి రాయాలని ఇన్నాళ్ళకి అనిపించింది. ఒకటి మా వరాలత్తయ్యది. రెండోది నాది.

మా చిన్నప్పుడు, అంటే డెబ్భైల చివర, ఎనభైల మొదట్లో, ఉగాది వస్తోందంటే ముందు ముక్కుకే తెలిసేది. కాలవ అవతల గుంటల్లో నానేసిన కొబ్బరిపీచు కుళ్ళువాసన ఎండ ముదిరేకొద్దీ ముదిరేది. నాయనమ్మ కొత్త చింతపండు గింజలు తీసి ఉప్పు అద్ది జాడీలో కుక్కుతుంటే చూస్తున్నవాళ్ళకే పళ్ళు పులిసేవి. తాటాకు బుట్టల్లో దిగిన కొత్తబెల్లం చుట్టూ చీమలు, ఆ చీమల చుట్టూ మేము. పండగనాడు కుంకుడురసంతో తలంటిపోసి, ఇంకా మంట తగ్గని కళ్ళతో, నీళ్ళోడే జుట్టుతో మమ్మల్ని వసారాలో వరసగా కూర్చోబెట్టేవారు. మా వైపు ఉగాది పచ్చడి జారుగా ఉంటుంది. అందులో మామిడిముక్కలతో పాటు పచ్చికొబ్బరి ముక్కలు, అరటిపండు ముక్కలు పడాల్సిందే. లోపల బూరెల మూకుడు చుయ్యిమంటుంటే, పూర్ణం బూరెకి వేలితో గుంట పెట్టి నెయ్యి పోసుకునే ఘడియ కోసం కళ్ళలో వత్తులేసుకుని ఎదురుచూసేవాళ్ళం.

కానీ అంతకుముందు ఒక గండం దాటాలి. నాన్నగారు మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు. పచ్చడి మా చేతుల్లో పడకముందు ఆయన పాత పంచాంగం తీసి, కిందటి ఉగాదినాడు ఎవరేం చేస్తామని మాటిచ్చారో ఆ వెనక పేజీ చదివేవారు. ఆ తర్వాత కొత్త పంచాంగం వెనక ఈ ఏటివి రాసుకునేవారు.

"ఏం కావాలో నాకు చెప్పకండర్రా, అది దేవుడికి చెప్పుకోండి. ఏం చేస్తారో నాకు చెప్పండి. ఒక్కటే చెప్పండి," అనేవారు.

చేసినవాళ్ళకి బహుమతి లేదు, చెయ్యనివాళ్ళకి శిక్ష లేదు. తన పేరు చదివినప్పుడు "ఆయ్, చేసేనండి" అనో, "లేదండి" అనో అందరి ముందూ అనాలి, అంతే. ఆ "లేదండి" అనడానికి పడే సిగ్గు కంటే బడిలో బెత్తం దెబ్బ నయమనిపించేది. ఆయనకీ మినహాయింపు లేదు. ప్రతి ఏడూ ముక్కుపొడుం మానేస్తానని రాసుకునేవారు, ప్రతి ఏడూ తన పేరు తనే చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ "లేదండి" అని నాయనమ్మతో అనేవారు. నాయనమ్మ కోడలి మీద గొంతు పెంచనని చెప్పేది. ఆ మాట సాయంత్రం దాకా నిలిచేది. అమ్మ ఎప్పుడూ ఏమీ చెప్పేది కాదు. ఒక ఏడు బలవంతం చేస్తే, "అన్నం వేడిగా ఉండగా తింటాను" అంది. అందరం నవ్వాం. నాన్నగారు నవ్వలేదు, రాసుకున్నారు. పదకొండు రోజులు తిన్నట్టు గుర్తు.

వరాలత్తయ్య నాన్నగారికి ఒక్కగానొక్క చెల్లెలు. మావయ్య మండపేటలో రైసుమిల్లులో పనిచేసేవారు. వాళ్ళకి నాలుగేళ్ళ కొడుకు, చంటి. అసలు పేరు తాతగారిది పెట్టారు గానీ ఆ పేరుతో పిలిచేంత వాడు కాలేదు. ఉంగరాల జుట్టు, ఎప్పుడూ జారిపోయే లాగు, దాన్ని ఒక చేత్తో పట్టుకునే పరిగెత్తేవాడు. 'ర' పలికేది కాదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, కార్తీకమాసం స్నానాలకని అత్తయ్య వాడిని తీసుకుని మా ఇంటికి వచ్చింది. ఆ నెల కాలవరేవు తిరనాళ్ళలా ఉండేది. పొద్దున్నే అరటిదొప్పల్లో దీపాలు వదిలేవాళ్ళు, మధ్యాహ్నం బట్టలుతికేవాళ్ళు, కొబ్బరికాయల పడవలు, ఊక పడవలు. నీళ్ళు మెట్ల అంచుదాకా నిండుగా, చప్పుడు లేకుండా పోయేవి.

మా ఇంటి ముందు తడిక ఉండేది. దానికి పైన కొబ్బరితాడు ఉంగరం. బయటికి వెళ్ళేవాళ్ళు ఆ ఉంగరాన్ని పక్కనున్న గుంజకి తగిలించి వెళ్ళాలి. చంటి చెయ్యి అందనంత ఎత్తులో నాన్నగారే కట్టారు దాన్ని.

ఆ ఆదివారం మధ్యాహ్నం అత్తయ్య బట్టల మూట చంకనెత్తుకుని రేవుకి వెళ్ళింది. అమ్మ పెరట్లో పప్పు రుబ్బుతోంది. నాయనమ్మ వసారాలో కునుకు తీస్తూ, "అమ్మాజీ, వాణ్ణి చూస్తా ఉండవే" అంది. నేను పక్కింటి పిల్లలతో వాకిట్లో తొక్కుడుబిళ్ళ ఆడుతున్నాను. ముగ్గుపిండితో గీసిన గళ్ళు. చంటి వచ్చి గళ్ళ మీద నిలబడ్డాడు. జరగమంటే జరిగి, మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. నా బిళ్ళ ఆఖరి గడిలో ఉంది, ఇంకొక్క గెంతు వేస్తే ఆట నాది. వాడు పరిగెత్తుకొచ్చి ఆ బిళ్ళ తీసేసుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి రెక్క పట్టుకుని తడిక దగ్గరికి లాక్కెళ్ళి, మునివేళ్ళ మీద లేచి తాడు తీసి, "మీ అమ్మ రేవులో ఉంది, పో, అక్కడికే పో" అని బయట వదిలేశాను. వదిలేసి వచ్చి బిళ్ళ వెతుక్కున్నాను. తడిక మళ్ళీ వెయ్యలేదు.

వాడు పెద్దరేవు దాకా వెళ్ళలేదు. మధ్యలో పశువులు దిగే చిన్నరేవు ఒకటుంది, జారుడు మట్టి. అక్కడ దిగాడు. దూరంగా పెద్దరేవు మెట్ల మీద బట్ట పిండుతున్న అత్తయ్య తలెత్తి చూసేసరికి వాడు నీళ్ళలోకి జారుతున్నాడట. ఆవిడ గట్టువెంట పరిగెత్తి, చీరతోనే దిగి, మెడలోతు దాకా వెళ్ళింది. అక్కడినుంచి ముందుకు కాలు ఆనలేదు. ఈత రాదు. వాడి జుట్టు రెండుసార్లు పైకి కనిపించిందని తర్వాత ఎప్పుడో అమ్మతో చెప్పింది. చేపల గంప దించుకుని రేవులో కాళ్ళు కడుక్కుంటున్న పోలమ్మ అరుపులు విని దూకింది. పోలమ్మవాళ్ళది ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర పల్లె, మా కాలవలో మొగుడూ పెళ్ళాలు పడవ నడిపేవాళ్ళు. ఆవిడ రెండు మునకలు వేసి వాణ్ణి తీసుకొచ్చింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆ సాయంత్రం ఇంటినిండా జనం. నేను గది తలుపు వెనక నిలబడి ఉన్నాను. నాయనమ్మ గుండెలు బాదుకుంటూ, "తాడు తగిలించలేదుటే వరాలూ?" అని అడిగింది.

"తగిలించేననే అనుకున్నానమ్మా... చంకలో మూటుంది..." అంది అత్తయ్య. కాసేపు చేతులకేసి చూసుకుంది. "లేదు. తగిలించి ఉండను. నేనే తగిలించలేదు."

నన్నూ అడిగారు, నువ్వెక్కడున్నావే అని. "ఆడుకుంటున్నాను. నేను చూళ్ళేదు," అన్నాను. పక్కింటి పిల్లలు చిన్నవాళ్ళు, వాళ్ళనెవరూ అడగలేదు. అంతే. ఒక్క మాట. నోట్లోంచి వచ్చేటప్పుడు దానికి బరువే లేదు.

పదోరోజున మావయ్య నలుగురి ముందూ అత్తయ్యని చూసి, "తడిక వేసుకోడానిక్కూడా తీరిక లేకపోయిందా నీకు?" అన్నారు. మరునాడు ఒక్కరే మండపేట వెళ్ళిపోయారు. నాన్నగారు రెండుసార్లు వెళ్ళి మాట్లాడి వచ్చారు. మావయ్య మళ్ళీ మా ఊరు రాలేదు, అత్తయ్యని రమ్మనలేదు.

ఆ తర్వాత అత్తయ్యకి ఒక అలవాటు పట్టుకుంది. బయటికి వెళ్తే తడిక వేసి, తాడు తగిలించి, పది అడుగులు వేసి, వెనక్కి వచ్చి ఆ తాడు పట్టుకుని లాగి చూసేది. మళ్ళీ నాలుగడుగులు వేసి మళ్ళీ వచ్చేది. ఒక్కోసారి కాలవమలుపు దాకా వెళ్ళి తిరిగి వచ్చేది. వీధిలోవాళ్ళు చూసి తలలు తిప్పుకునేవారు. నేను వసారా స్తంభం పక్కన కూర్చుని రోజూ అది చూశాను.

నాలుగైదు నెలలకి ఉగాది వచ్చింది. ఆ ఏడు బూరెలు లేవు, పచ్చడి మాత్రం చేశారు. నాన్నగారు పంచాంగం వెనక పేజీ తీయడానికి సందేహించారు. తీసి, మమ్మల్నందర్నీ గబగబా అడిగేసి, పెన్సిలు చెవి మీద పెట్టుకోబోతూ ఆగి, "నీదేమన్నా రాయమంటావా వరాలూ?" అన్నారు మెల్లిగా.

"రాయన్నయ్యా," అంది అత్తయ్య. "నేను ఈత నేర్చుకుంటాను."

పచ్చడి గిన్నెలో గరిట చప్పుడు ఆగిపోయింది. "ఏవిటే ఆ మాటలు! ఇప్పుడు నేర్చుకుని ఎవర్ని..." అంటూ నాయనమ్మ మధ్యలో నోరు మూసేసుకుంది.

"ఎవర్నీ కాదమ్మా. నాకు రావాలి, అంతే."

నాన్నగారు రాశారు. పెన్సిలు ముక్కు విరిగేలా నొక్కి రాశారు. నా వంతుకి నేను గుండ్రంగా రాయడం నేర్చుకుంటానని చెప్పాను. లోపల మాత్రం ఇంకొకటి అనుకున్నాను. ఈ ఏడు తిరిగేలోగా అత్తయ్యకి చెప్పేస్తాను, తాడు తీసింది నేనని.

మూడోరోజున అత్తయ్య పోలమ్మని వెతుక్కుంటూ రేవుకి వెళ్ళింది. నన్ను తోడు తీసుకెళ్ళింది. సంగతి విని పోలమ్మ గంప కింద పెట్టేసింది.

"అయ్యబాబోయ్, మీకు నేను నేర్పడవేంటండి! మాస్టారుగారు ఊరుకుంటారాండీ?"

"ఆయనే రాసుకున్నారు పోలమ్మా."

"ఊళ్ళో ఏవంటారండి?"

"ఆ వేళ నువ్వు ఆడదానివి కాదూ? దూకలేదూ? నాకు మాత్రం ఎందుకు రాదు?"

పోలమ్మ గంప ఎత్తుకోబోయి ఆగింది. చివరికి, "ఆయ్, సరేనండి. రేపు మద్యాన్నం రండి, రేవులో ఎవరూ ఉండరు," అంది.

పీచు తియ్యని ఎండు కొబ్బరికాయలు రెండు తాడుతో జంటగా కట్టి, వాటిని గుండె కిందకి వచ్చేలా పెట్టుకుని నీళ్ళ మీద బోర్లా పడుకోవాలి. మా కోనసీమలో మగపిల్లలందరూ అలాగే నేర్చుకునేవాళ్ళు. చీర కుచ్చెళ్ళు వెనక్కి దోపుకుని, ముప్ఫయ్యేళ్ళ అత్తయ్య ఆ కాయల మీద పడుకుంటే పోలమ్మ పొట్ట కింద చెయ్యి ఆనించేది. "కొట్టకండమ్మా, నీళ్ళని తొయ్యండి! బయపడితే బరువెక్కిపోతారండి!" అని అరిచేది. నేను మెట్ల మీద పొడి చీర ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. ముక్కులోకి నీళ్ళు పోయి అత్తయ్య ఉక్కిరిబిక్కిరై మెట్టు పట్టుకుని దగ్గుతుంటే, ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకునేదాన్ని. ఆవిడ దగ్గు తగ్గించుకుని మళ్ళీ నీళ్ళలోకి దిగేది. రేవుకి వచ్చిన పెద్దవాళ్ళు కొందరు బిందెలు ముంచుకోకుండా వెనక్కి తిరిగిపోయారు. నాన్నగారిని అరుగు మీద కూర్చోబెట్టి బుద్ధి చెప్పినవాళ్ళున్నారు. "ఉగాదినాడు రాసుకున్నానండి," అని ఒక్కటే చెప్పేవారు ఆయన.

చేతులు కాస్త ఆడే వేళకి కాలవలు కట్టేశారు. ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలవల్లోకి నీళ్ళు వదలడం ఆపేవారు. పదిరోజుల్లో మా కాలవ అడుగు బయటపడేది. బురదలో కొరమీనులు పట్టేవాళ్ళు, విరిగిన కుండలు, ఎవరివో పోయిన చెంబులు దొరికేవి. ఆ ఎండల్లో ఒకరోజు అత్తయ్య నన్ను తీసుకుని చిన్నరేవులోంచి కాలవ అడుగుకి దిగింది. బీటలు వారిన మట్టి మీద నడుచుకుంటూ వెళ్ళి ఒకచోట నిలబడింది. అదే చోటు. గట్టుమీద నీటిచార నల్లగా కనిపిస్తోంది. అత్తయ్య చెయ్యి పైకెత్తింది. చార ఆవిడ తలకి ఒక మూరెడు పైన ఉంది. ఎత్తిన చేతివేళ్ళు దాన్ని దాటి పైకి వెళ్ళాయి.

"మూరెడేనే అమ్మాజీ," అంది. చెయ్యి దించకుండా అలాగే నిలబడింది. నేను అప్పుడూ చెప్పలేదు.

జ్యేష్ఠమాసంలో నీళ్ళు వదిలారు. ముందు నురగ, చెత్త, తర్వాత ఎర్రనీళ్ళు. అత్తయ్య మళ్ళీ మొదలుపెట్టింది. శ్రావణానికి కొబ్బరికాయలు వదిలేసింది. వినాయకచవితి వెళ్ళిన వారానికి, ఒక మధ్యాహ్నం, పోలమ్మ పడవలో పక్కన వస్తుండగా ఈ గట్టునుంచి ఆ గట్టుకి ఈదింది. నేను పడవలో ఉన్నాను. ఆవిడ అవతలి గట్టు గడ్డి పట్టుకుని పైకి పాకి, కూర్చుని, వెనక్కి తిరిగి చూసింది. వచ్చిన దారంతా చూసింది.

"ఇంతేనా?" అంది. "ఇంతేనా పోలమ్మా కాలవ?"

అని భోరుమంది. చంటి పోయినరోజు కూడా అలా ఏడవలేదు. పోలమ్మ పడవ దిగి వెళ్ళి, తడిబట్టల మనిషిని తన తడి చేతులతోనే పట్టుకుని కూర్చుంది. తిరిగి ఈదుతానంటే పోలమ్మ ఒప్పుకోలేదు, పడవలోనే తీసుకొచ్చింది.

మరుసటి ఉగాదికి నాన్నగారు పాత పేజీ చదివారు. "వరాలు, ఈత." "ఆయ్, వచ్చిందన్నయ్యా." "అమ్మాజీ, గుండ్రని రాత." "ఆయ్, చేసేనండి." నా రాత నిజంగానే గుండ్రంగా వచ్చింది. రాయించుకోనిది మాత్రం మిగిలిపోయింది.

ఆ ఏడు అత్తయ్య మా వీధిలో ఆడపిల్లలకి ఈత నేర్పుతానని రాయించుకుంది. మొదలు నాతోనే. ఇళ్ళ చుట్టూ తిరిగి తల్లులని బతిమాలి, తండ్రులతో గొడవపడి, వేసవిలో కాలవ కట్టేసేలోపల ముగ్గురు, నీళ్ళొచ్చాక నలుగురు. నేను పదో తరగతికి వచ్చేసరికి మా వీధిలో ఈతరాని ఆడపిల్ల లేదు. పొట్ట కింద ఆవిడ చెయ్యి ఉంటే భయమనేది ఉండేది కాదు. ఆవిడ మాత్రం నీళ్ళలో ఎప్పుడూ నవ్వగా చూడలేదు. తలలు లెక్కపెట్టుకుంటూ ఉండేది.

నేను ప్రతి ఉగాదికీ ఒకటి పైకి చెప్పాను, ఒకటి లోపల అనుకున్నాను. పైకి చెప్పినవన్నీ చేశాను. ఎక్కాలు, కుట్టుపని, హిందీ పరీక్ష. లోపలిది ఆరుసార్లు తప్పాను. ఒకసారి ఆవిడకి జ్వరమని, ఒకసారి నాయనమ్మ పోయిందని, ఒకసారి ఆవిడ ఆరోజు కాస్త తేలిగ్గా కనిపించిందని, ఎందుకు పాడుచెయ్యడమని. నాకు పదహారో ఏడు వచ్చిన ఉగాదికి, ఇంక ఇలా కాదని, నాన్నగారితో, "ఒకళ్ళకి ఒక మాట చెప్పాలండి. అదే రాసుకోండి," అన్నాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. ఎవరికి, ఏమిటి అని అడగలేదు. 'అమ్మాజీ, ఒక మాట' అని రాశారు.

అలా రాయించుకుని కూడా ఏడాదంతా గడిపేశాను. అమలాపురంలో ఇంటర్మీడియట్ చదువుతూ శనివారాలు ఇంటికి వచ్చి, ఆదివారాలు తిరిగి వెళ్ళిపోతూ గడిపేశాను. చివరికి ఉగాదికి ముందురోజు అయింది. రేపు పొద్దున్న ఆయన చదువుతారు. "లేదండి" అనాలి, లేదా అబద్ధమాడాలి.

అత్తయ్య పెరట్లో కొబ్బరాకులు ముందేసుకుని, కత్తితో ఈనెలు చీరి చీపుర్లు కడుతోంది. మధ్యాహ్నం ఎండ. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"అత్తయ్యా. ఆరోజు తాడు నువ్వు తగిలించేవు. నేనే తీసేను."

కత్తి ఆగింది. నేను ఆపకుండా చెప్పుకుపోయాను. బిళ్ళ గురించి, రెక్క పట్టుకుని లాగడం గురించి, పో అనడం గురించి, చూళ్ళేదని చెప్పిన అబద్ధం గురించి. ఆవిడకి తెలిసే ఉంటుందేమోనని ఎక్కడో ఒక ఆశ ఉండేది నాకు. లేదు. ఆ మొహం చూస్తే తెలిసింది, ఆవిడకి ఏమీ తెలియదు. ఏడేళ్ళుగా ఆ తాడు తనే తగిలించలేదనుకుంది.

కత్తి కింద పెట్టి అడిగింది. "వాడేవన్నా అన్నాడా వెళ్ళేటప్పుడు?"

"'వచ్చేకా నన్నాడించుకుంటావా?' అన్నాడు."

"నువ్వేవన్నావు?"

"ఆఁ అన్నాను."

"ఏడుస్తా వెళ్ళేడా?"

"లేదు. ఒంటికాలి మీద గెంతుకుంటా వెళ్ళేడు. మా ఆటలోలాగ."

ఆవిడ ఒళ్ళోని ఈనెలు పక్కన పెట్టి, లేచి, లోపలికి వెళ్ళిపోయింది. మావయ్యగారికి ఉత్తరం రాస్తానని వెంటపడ్డాను. "ఒద్దులే. ఆయన నన్నొదిలేసింది తాడు కోసం కాదు," అంది వెనక్కి తిరక్కుండా.

మర్నాడు నాన్నగారు "అమ్మాజీ, ఒక మాట" అని చదివారు. "ఆయ్, చెప్పేనండి," అన్నాను. అత్తయ్య మామిడికాయ ముక్కలు కోస్తోంది. తలెత్తలేదు. తన పేరు వచ్చినప్పుడు, "ఈ ఏడు నాకేం రాయకన్నయ్యా," అంది. ఆవిడ అలా అనడం అదే మొదలు.

పన్నెండు రోజులు నాతో మాట్లాడలేదు. పదమూడోరోజున నేను అమలాపురం బస్సెక్కబోతుంటే గట్టుమీదకి వచ్చి, "గెంతుకుంటా వెళ్ళేడా? నిజంగానా?" అని అడిగింది. అవునన్నాను. తల ఊపి వెళ్ళిపోయింది. నేను చూస్తుండగా ఇంటి తడిక వేసి, లోపలినుంచే తాడు పట్టుకుని లాగి చూసుకుంది. నిజం తెలిసినంత మాత్రాన ఆ అలవాటు పోలేదు. తడిక పోయి ఇనపగేటు వచ్చాక కూడా పోలేదు.

తిట్టలేదు. క్షమించేనని కూడా అనలేదు. కానీ ఆ తర్వాత ఎన్నో ఏళ్ళపాటు, నేను ఎప్పుడు వెళ్ళినా, పక్కన ఎవరూ లేనప్పుడు, "వాడేవన్నాడే?" అని అడిగేది. నేను చెప్పేదాన్ని. చెప్పగా చెప్పగా, వాడు నిజంగానే ఒంటికాలి మీద గెంతుకుంటూ వెళ్ళాడో, ఆ మధ్యాహ్నం ఆవిడ మొహం చూడలేక నేనే అలా అన్నానో, నాకే తెలియకుండా పోయింది. ఆవిడకి మాత్రం ఆ మాట ఒక్కసారి కూడా మార్చి చెప్పలేదు. ఆఖరిసారి మంచం మీద ఉన్నప్పుడు గొంతు రాక, కళ్ళతోనే అడిగింది. చెవి దగ్గర వంగి చెప్పాను.

నాన్నగారు అంతకుముందే పోయారు. ఆయన పంచాంగాలు ఇరవై దాకా అటక మీద ఉండాలని వెతికితే, పెట్టెలో చెదమట్టి తప్ప ఏమీ దొరకలేదు.

ఈ ఉగాది వెళ్ళాక ఒక్కదాన్నే బస్సెక్కి మా ఊరు వెళ్ళాను. కాలవలు ఇంకా కట్టలేదు, అయినా నీళ్ళు కనిపించవు, గట్టు నుంచి గట్టుదాకా గుర్రపుడెక్క. పెద్దరేవు మెట్లు రోడ్డు వెడల్పు చేసినప్పుడు కిందకి పోయాయట. చిన్నరేవు దగ్గర చెత్తగుట్ట. పడవలు ఎప్పుడో ఆగిపోయాయి. పోలమ్మ పిల్లలు రొయ్యలచెరువుల పనికి ఎటో వెళ్ళారని చెప్పారు. కొబ్బరిపీచు వాసన కూడా లేదు. స్కూలు బ్యాగుతో ఒక ఎనిమిదేళ్ళ పిల్ల గట్టు వెంట వస్తుంటే ఆపి, "ఈత వచ్చా అమ్మా?" అని అడిగాను.

"రాదండి," అంది ఆశ్చర్యంగా. "కాలవలోకి ఎవరూ దిగరండి ఇప్పుడు."

ఎవరింటికి వచ్చారని అడిగింది. చెప్పుకోడానికి మావాళ్ళెవరూ ఆ ఊళ్ళో మిగల్లేదు. ఊరికే చూడ్డానికి వచ్చానన్నాను. ఆ పిల్ల వెళ్ళిపోయింది. బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. చంటి అని ఒకడుండేవాడని తెలిసినవాళ్ళు ఆ గట్టు మీద నేనొక్కదాన్నే.